మొదటి తూటా వేళ హైదరాబాదు సిపాయి

జపాను బ్రిటన్, అమెరికాల మీద యుద్ధం ఎక్కడ మొదలెట్టిందని అడిగితే పెర్ల్ హార్బర్ అని ఠక్కున చెప్పేస్తాం. గడియారం లెక్క వేరు. 1941 డిసెంబరు 8న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, మలయా ఈశాన్య తీరంలో కోటా భారు అనే ఊరి దగ్గర జపాను సేన పడవల్లోంచి ఇసుకలోకి దూకింది. హవాయిలో మొదటి బాంబు పడటానికి అప్పటికింకా దాదాపు గంట ఉంది. ఆ ఊరి విమానాశ్రయానికి కాపలా కాస్తున్నది ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. నిజాం జీతం తినే పటాలం అది.

ఇదొక్కటే అయితే యాదృచ్ఛికం అనుకుని వదిలేయొచ్చు. కానీ తొలి ప్రపంచ యుద్ధంలో టర్కీ సైన్యం సూయజ్ కాలువ మీదికి వచ్చేసరికి ఆ గట్టున గుర్రాలకు నీళ్లు పెడుతున్నది హైదరాబాద్ లాన్సర్లు. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం షోలాపూర్ దారిన సంస్థానంలోకి వచ్చినప్పుడు నల్‌దుర్గ్ దగ్గర ఎదురుపడ్డదీ ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీయే. యుద్ధాలు చాలావరకు నగరానికి దూరంగా జరిగాయి. వాటిని మొదలుపెట్టాలా వద్దా అని నిర్ణయించింది కూడా ఇంకెక్కడో, ఇంకెవరో. మొదటి రోజు మొదటి వరసలో నిలబడింది మాత్రం మనవాడు.

పాతబస్తీకి ఫౌజు కొత్త కాదు. చాంద్రాయణగుట్ట అవతలి బార్కస్ నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బస. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన వాళ్ల వారసుల్ని ఇప్పటికీ చావుష్‌లు అంటారు. పాతబస్తీ పెళ్లి బరాతుల్లో మోగే మర్ఫా వాళ్లు తెచ్చిందే. మూసీకి ఇవతల మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు. అక్కడ సిద్దీలు ఇంకా ఉన్నారు. కంటోన్మెంటు వైపు లష్కర్ బోనాల పుట్టుక కూడా ఒక సైనిక కథే. సికింద్రాబాదు పటాలంలో డోలీ మోసే సురటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ మీద వెళ్లాడట. ఇక్కడ కలరా ప్రబలిందని విని, నా ఊరిని కాపాడితే గుడి కడతానని మహంకాళికి మొక్కుకున్నాడట. ఫౌజులో చేరి దూరం పోయినవాడి దిగులు మన పండగల్లో కూడా చేరిపోయింది.

అసఫ్‌జాహీల సైన్యం పేరుకు పెద్దది, యుద్ధంలో గెలుపులు తక్కువ. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో తలపడ్డప్పుడు నిజాం అలీఖాన్ వెంట ఫ్రెంచి సేనాని రేమండ్ తీర్చిదిద్దిన పటాలాలున్నాయి. మరో విశేషం కూడా ఉంది. జఫర్ పల్టన్ అని తుపాకులు పట్టిన ఆడవాళ్ల దళం కూడా ఆ యుద్ధానికి వెళ్లింది. మగ పటాలాల కన్నా వాళ్లేమీ తీసిపోలేదని ఆనాటి ఇంగ్లీషువాళ్లు రాశారు. ఆ రాత్రి నిజాం వెనక్కి తగ్గి ఖర్దా కోటలో తలదాచుకున్నాడు. జనానా భయపడినందుకే వెనక్కి తగ్గాడనే కథను నెపం చెప్పుకోవడానికి అల్లారో, నిజంగానే జరిగిందో కానీ, పోరాడుతున్న సిపాయి మాత్రం రాజు వెళ్లిపోయాక వెళ్లిపోయాడు. మన చరిత్రలో ఈ వరస తరచూ కనిపిస్తుంది.

మూడేళ్లకు రేమండ్ చనిపోయాడు. 1798 అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచి పటాలాన్ని ఒక్క తూటా పేల్చకుండా నిరాయుధం చేశారు. పద్నాలుగు వేల మంది ఉన్న సైన్యం ఎందుకు లొంగింది? జీతం బకాయి. సిపాయిలు తమ ఫ్రెంచి అధికారుల్నే పట్టుకుని డబ్బులడుగుతున్న గందరగోళంలో ఇంగ్లీషు పటాలాలు చుట్టుముట్టాయి. గన్‌ఫౌండ్రీ దగ్గరి తోపుల సాంచా, మూసారాంబాగ్ వైపు గుట్ట మీది రేమండ్ సమాధి ఆ కాలానికి మిగిలిన గుర్తులు.

ఆ తర్వాత నూరేళ్ల కథను త్వరగా దాటేయొచ్చు. రక్షణ బాధ్యత ఇంగ్లీషువాళ్లది, ఖర్చు నిజాంది. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యానికి పోసిన డబ్బు అప్పుగా పేరుకుని చివరికి 1853లో బేరారును కుదువ పెట్టించింది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని కోఠీ రెసిడెన్సీ మీదికి వెళ్లినప్పుడు వాళ్లను చెదరగొట్టింది ఇంగ్లీషువాళ్ల ఫిరంగులు. దీవాను సాలార్‌జంగ్ దర్బారు ఇంగ్లీషువాళ్ల పక్షానే నిలిచింది. 1887లో నిజాం మహబూబ్ అలీఖాన్ వాయవ్య సరిహద్దు రక్షణకు 60 లక్షల రూపాయలు ఇస్తానని వైస్రాయికి రాశాడు. సంస్థానాల్లో ఇంపీరియల్ సర్వీస్ దళాలు పుట్టుకురావడానికి ఆ ఉత్తరమూ ఒక కారణం. డబ్బు కాదు, యుద్ధానికి పనికొచ్చే జవాన్లను తయారుచేసి ఉంచండని ఇంగ్లీషు ప్రభుత్వం జవాబిచ్చింది. అట్లా తయారైనవాళ్లే హైదరాబాద్ లాన్సర్లు.

ఇక 1914కి వద్దాం.

ఆ ఏడాది హైదరాబాదు పేరుతో రెండు రిసాలాలు సముద్రం దాటాయి. ఒకటి ఇరవయ్యో దక్కన్ హార్స్. ఇది పాత కంటింజెంట్ నుంచి వచ్చిన బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ దళం. దక్కనీ ముస్లిం సవార్లతో పాటు సిక్కులు, జాట్లు ఉండేవాళ్లు. సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడులో భాగంగా అక్టోబరులో మార్సెయ్ రేవులో దిగింది. రెండోది నిజాం సొంత ఫస్ట్ హైదరాబాద్ లాన్సర్లు. మైసూరు, పటియాలా లాన్సర్లతో కలిసి ఈజిప్టు చేరింది. యుద్ధకాలమంతా ఈ రెండింటి ఖర్చూ నిజాం ఖజానాయే భరించింది.

ఫ్రాన్సుకు వెళ్లిన సవారు సంగతి చూడండి. బల్లెం పట్టడం, గుర్రాన్ని తొడలతో అదుపు చేయడం, దౌడులో నేల మీది మేకును బల్లెంతో లేపుకుపోవడం నేర్చినవాడు. వాణ్ని డిసెంబరు చలిలో గుర్రం దింపి ఫెస్టుబెర్ దగ్గర కందకాల్లోకి తోశారు. మోకాళ్ల దాకా బురద, గడ్డకట్టే నీళ్లు. ఎదుటివాడు కనిపించడు, వాడి మోర్టారు గుండు మాత్రం వచ్చి పడుతుంది. వీళ్ల దగ్గర అలాంటివి దాదాపు లేవు. జామ్ డబ్బాల్లో మందుగుండు కూరి వత్తి అంటించి విసిరేవాళ్లు. నెలల తరబడి దాపున కట్టేసిన గుర్రాలు ఎందుకున్నాయో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి 1916 జూలై 14న, సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర, దక్కన్ హార్సుకు గుర్రాల మీద దాడి చేసే అవకాశం వచ్చింది. గోధుమ చేనులోంచి బల్లేలు వంచి దౌడు తీశారు. మెషిన్ గన్ల కాలంలో అది అబ్బురం. దాని వల్ల ఒరిగింది మాత్రం ఏమీ లేదు, ఆ అడవి ఇంగ్లీషువాళ్ల చేతికి రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

సిపాయిల ఉత్తరాలను సెన్సారువాళ్లు చదివి అందులో కొన్నింటిని ఇంగ్లీషులోకి దించి దాచారు. అవి ఇప్పటికీ లండన్‌లో ఉన్నాయి. చిత్రమేమిటంటే, సెన్సారు సంగతి తెలిసి సిపాయిలు నల్ల మిరియాలు, ఎర్ర మిరియాలు అని మారు పేర్లు పెట్టుకుని దేశీ పటాలాల గురించి, గోరాల గురించి రాసుకునేవాళ్లు. సెన్సారుకు అది తెలియకపోలేదు.

ఈజిప్టుకు పోయిన లాన్సర్ల బాధ వేరే రకం. మన దగ్గర ఇంట్లోంచి ఎవరైనా దూరప్రయాణం కడితే తల్లి కుడి దండకు ఇమామ్ జామిన్ కడుతుంది. చిన్న గుడ్డలో ఒక నాణెం మూటకట్టి, క్షేమంగా చేరాక దాన్ని దానం చేయమంటుంది. వాడి జంక్షన్ మీదుగా బొంబాయి చేరి, అక్కడ ఓడెక్కిన ఇరవై ఏళ్ల సవారు రోజంతా ఓడ అడుగున గుర్రం పక్కనే గడపాలి. అది పడుకోలేదు, సముద్రం ఊగితే కాళ్లు తడబడతాయి. దాని నోరు కడగడం, కాళ్లు రుద్దడం వీడి పని. ఓడ దిగేలోపు టర్కీ యుద్ధంలోకి వచ్చేసింది. 1914 నవంబరు 14న ఇస్తాంబుల్‌లో ఖలీఫా పేరిట జిహాద్ ప్రకటించారు. అంటే కాలువకు ఆవలి గట్టు నుంచి రాబోయేది ఖలీఫా సైన్యం. ఇవతల గట్టున ఉన్నది ఎక్కువగా ముస్లిం సవార్లు.

నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు అప్పుడు 28 ఏళ్లు, గద్దెనెక్కి మూడేళ్లు. ఇది మతయుద్ధం కాదని, ముస్లింలు బ్రిటిష్ ప్రభుత్వం పక్షానే నిలవాలని అతను ఫర్మానా వెలువరించాడు. ఇంగ్లీషువాళ్లకు అది నాలుగు పటాలాలంత విలువైన కాగితం. యుద్ధం ముగిసే ఏడాది అతనికి దక్కిన హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ బిరుదు, ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న గౌరవం దాని బాపతే. ఫర్మానా విన్న సవారు మనసులో ఏముందో మాత్రం ఏ దస్త్రంలోనూ దొరకదు. 1915 ఫిబ్రవరిలో సింగపూరులో ఐదో లైట్ ఇన్‌ఫంట్రీ తిరగబడింది, తమను టర్కీల మీదికి పంపుతారన్న పుకారు దానికి ఒక కారణం. హైదరాబాద్ లాన్సర్లు అట్లా తిరగబడలేదు. విధేయత అనొచ్చు, జీతం అనొచ్చు, పక్కనున్న జోడుదారును వదిలి పోలేని మొహమాటం అనొచ్చు. మూడూ కొంచెం కొంచెం ఉంటాయని నా అనుమానం.

ఫిబ్రవరి 3 తెల్లవారుజామున టర్కీ సైన్యం సినాయ్ ఎడారంతా మోసుకొచ్చిన రేకు పడవలతో కాలువ దాటబోయింది. భారత పదాతి దళాలు దాన్ని ఆపాయి. లాన్సర్ల వంతుకు గస్తీ తిరగడం, ఆచూకీ తీయడం వచ్చింది. ఎడారిలో గస్తీ అంటే శత్రువు కోసం కాదు, నీళ్ల కోసం వెతకడమే ఎక్కువ. మూడేళ్ల తర్వాత పాలస్తీనాలో పరిస్థితి మారింది. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు హైఫా పట్టణాన్ని బల్లేలతో దూసుకుపోయి పట్టుకున్నారు. ఆ రోజు హైదరాబాద్ లాన్సర్లు ఆ దాడిలో లేరు. పట్టుబడ్డ టర్కీ ఖైదీలను వెనక్కి నడిపించే పని వాళ్లకు అప్పగించారు. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలోని మూడు కంచు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సరుది. 2018లో ఆ చౌరస్తాకు హైఫా పేరు జోడించినప్పుడు మూడు విగ్రహాలకూ హైఫా కీర్తి పంచేశారు. ఖైదీల వెంట నడవడం తక్కువ పనేమీ కాదు. సూయజ్ గట్టున మొదటి రోజు నుంచి ఉన్నవాడికి లేని కీర్తి అంటగట్టాల్సిన అవసరమూ లేదు.

రెండు ప్రపంచ యుద్ధాల్లో నిజాం పేరు ఆకాశంలోకీ సముద్రంలోకీ కూడా వెళ్లింది. ఇంగ్లండు వైమానిక దళంలో 110, 152, 253 నంబరు స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు పెట్టారు. నిజాం డబ్బుతో కట్టిన ఓడ ఒకటి ఆస్ట్రేలియా నౌకాదళంలో ‘నిజాం’ అనే పేరుతోనే తిరిగింది. స్పిట్‌ఫైర్ తోలినవాళ్లలో హైదరాబాదీ ఎవరని అడగొద్దు, డబ్బు వేరు మనిషి వేరు. పేరు వల్ల ఇంకో తికమక కూడా ఉంది. నైన్టీంత్ హైదరాబాద్ రెజిమెంట్ అని బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో ఒకటుండేది. దాంట్లో కుమావూనీలు, జాట్లు, అహీర్లే ఎక్కువ. దాని నాలుగో పటాలం కూడా మలయాలో పోరాడింది. 1945లో ఆ రెజిమెంట్ పేరు కుమావూన్‌గా మారింది. 1947 నవంబరులో శ్రీనగర్ పక్కన బడ్గామ్‌లో ప్రాణాలర్పించి మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మది ఆ నాలుగో పటాలమే. మన కథలోది అది కాదు. మనది ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ, సంస్థానపు సొంత దళం.

కోటా భారులో డిసెంబరు అంటే ఈశాన్య రుతుపవనాల కాలం. వాన, పొంగిన సముద్రం. ఇంత హోరులో ఎవడు దిగుతాడని చాలామంది నమ్మకం. తీరం వెంట ముళ్లకంచె, మందుపాతరలు, సిమెంటు గూళ్లు, వాటిలో డోగ్రా సిపాయిలు ఉన్నారు. కాస్త లోపలికి విమానాశ్రయం, చుట్టూ హైదరాబాదీలు. వీళ్లు నేర్చినదంతా గేటు కాపలా, కవాతు, సలామీ. అడవి యుద్ధం మాట అటుంచితే, ట్యాంకులు, విమానాలతో కలిసి చేసే కసరత్తు కూడా సంస్థానాల పటాలాలకు సరిగ్గా అందలేదు. రేవుల్లో, విమానాశ్రయాల దగ్గర కాపలాకు పనికొస్తారని తెచ్చిపెట్టారు.

అర్ధరాత్రి తర్వాత సముద్రం మీద ఫిరంగులు పేలాయి. విమానాశ్రయం నుంచి ఆస్ట్రేలియా హడ్సన్ విమానాలు లేచి వెళ్లి ఓడల మీద బాంబులు వేసి వచ్చి, మళ్లీ బాంబులు నింపుకుని వెళ్లాయి. అవజిసన్ మారు అనే జపాను రవాణా ఓడ మంటల్లో పడింది. కాపలా సిపాయికి చీకట్లో కనిపించేది సముద్రం వైపు ఎరుపు, వినిపించేది ఇంజన్ల మోత. ఎవరు గెలుస్తున్నారో చెప్పేవాడు లేడు. తెల్లవారాక జపాను విమానాలు రన్‌వే మీద పదే పదే దాడి చేశాయి. ఒడ్డున డోగ్రాలు చాలామంది తమ గూళ్లలోనే పోరాడి చనిపోయారు. సాయంత్రానికి పుకారు లేచింది: శత్రువు కంచె దగ్గరికొచ్చేశాడు. గోరా వైమానిక సిబ్బంది భవనాలకు నిప్పుపెట్టి లారీలెక్కి వెళ్లిపోయారు. రన్‌వే పాడుచేయలేదు, పెట్రోలు, బాంబులు అట్లాగే వదిలేశారు. ఎవరి హుకుంతో వెళ్లారన్నది తర్వాత పెద్ద గొడవైంది.

ఆ రాత్రి హైదరాబాద్ పటాలం చెదిరిపోయింది. దాన్ని నిలబెట్టబోయిన కమాండింగ్ అధికారి, లెఫ్టినెంట్ కల్నల్ హెండ్రిక్స్, సొంత సిపాయిల చేతిలోనే చనిపోయాడని యుద్ధ చరిత్రలు రాస్తాయి. దాచాల్సిన సంగతేమీ కాదు. అయితే ఆ పుస్తకాల్లో ఒకటి గమనించాలి. ముందుగా లారీలెక్కినవాళ్ల విషయంలో ‘గందరగోళం’ అనే మాట వాడతారు, తర్వాత చెదిరినవాళ్ల విషయంలో ‘పిరికితనం’. కాపలా కాయాల్సిన విమానాలు, వాటి మనుషులు వెళ్లిపోయాక, తగలబడుతున్న కొట్టాల మధ్య వానలో నిలబడ్డ ఇరవై ఏళ్ల కుర్రాడు దేన్ని కాపాడుతున్నట్టు? ఆ ప్రశ్న అడిగిన చరిత్రకారులు తక్కువ. కల్నల్‌ను చంపడానికి అది సమర్థన కాదు, ఆ ఘోరం ఘోరమే. కానీ మూడో పుటలో తీర్పు చెప్పేముందు మొదటి పుట కూడా చదవాలి.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. రెండు రోజులకు ఫారర్ పార్కు మైదానంలో దాదాపు 45 వేల మంది భారతీయ ఖైదీలను కూర్చోబెట్టి, ఇకనుంచి మీరు జపాను అధీనం అని ఇంగ్లీషు అధికారే అప్పగించాడు. ఆజాద్ హింద్ ఫౌజు పుట్టింది అక్కడే. కొందరు చేరారు, కొందరు ఖైదులోనే ఉండి రోగాలతో, ఆకలితో పోయారు. ఆ ఫౌజుకు ‘జై హింద్’ నినాదం ఇచ్చినవాడు మన నగరపు ఆబిద్ హసన్. జర్మనీలో చదువుతూ నేతాజీ వెంట చేరి, 1943లో మూడు నెలలు జలాంతర్గామిలో ఆయనతో పాటు ప్రయాణించాడు. పాతబస్తీలో ఎవర్నైనా అడిగి చూడండి, ఈ పేరు ఎంతమందికి తెలుసో.

నల్‌దుర్గ్ సంగతి వేరు. ఇక్కడ యుద్ధం ఇంటికే వచ్చింది. అప్పటికి రెండేళ్లుగా సంస్థానం పోలీసులు, సైన్యం, వాళ్ల పక్కన రజాకార్లు నల్లగొండ, వరంగల్ ఊళ్లలో రైతుల మీద విరుచుకుపడుతున్నారు. కాబట్టి ఈ సిపాయి మీద జాలి పడమంటే తెలంగాణ పల్లెలో పెరిగినవాళ్లకు కష్టమే, అది నాకూ తెలుసు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలటు కరాచీ నుంచి బీదరుకు దొంగచాటుగా ఆయుధాలు మోశాడు. అయినా సైన్యం 22 వేలంటే అందులో పూర్తి శిక్షణ ఉన్నది ఆరు వేల మందికే అన్నది తరచూ చెప్పే లెక్క. సైన్యాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ తొలి ప్రపంచ యుద్ధంలో లాన్సర్లతో పనిచేసినవాడు, హద్రమౌత్ వంశస్థుడు. నెలల పాటు ఆపలేమని ఆయనకు తెలుసు. సిపాయికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరు 13న భారత సైన్యం బోరీ నది మీది వంతెనను చెక్కుచెదరకుండా పట్టుకుంది. సిక్కు పటాలం నల్‌దుర్గ్ స్థావరాల మీద పడింది. తొమ్మిది గంటలకల్లా ట్యాంకులు జల్‌కోట్ దాటుతున్నాయి. ఐదో రోజు సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడాడు, 18న ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. తర్వాతి వారాల్లో మరాఠ్వాడా వైపు ఊళ్లలో వేలాది మంది మామూలు ముస్లింలు బలయ్యారు. సుందర్‌లాల్ కమిటీ అంచనా 27 వేల నుంచి 40 వేలు. యుద్ధం అని పిలవకుండా పోలీసు చర్య అన్నందువల్ల ఆ చావులకు లెక్క అడిగేవాళ్లు కూడా చాలాకాలం దొరకలేదు.

ఫౌజు రద్దయింది. అరబ్బుల్లో కొందర్ని ప్రభుత్వం తిరిగి ఓడెక్కించింది. ఉన్నవాళ్లు చిన్న వ్యాపారాల్లోకి, చౌకీదారు పనుల్లోకి పోయారు. 1970ల తర్వాత గల్ఫ్ దారి తెరుచుకుంది, బార్కస్ కుర్రాళ్లు తాతలు వచ్చిన వైపే పని వెతుక్కుంటూ వెళ్లారు. దక్కన్ హార్స్ గుర్రాలు వదిలి ట్యాంకులెక్కింది. 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ చెరకు తోటల్లో పాత షెర్మన్లతో పాటన్ ట్యాంకులను ఎదిరించిన దళాల్లో అదీ ఒకటి. 1962లో గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ పెట్టారు. కుతుబ్‌షాహీల కోటలో ఇవాళ దేశం నలుమూలల కుర్రాళ్లు ఫిరంగి పని నేర్చుకుంటారు.

సూయజ్ కాలువ కొసన పోర్ట్ తౌఫీక్‌లో 1926లో భారత మృతవీరుల స్మారకం కట్టారు, మీద పులుల శిల్పాలతో. 1967 తర్వాత ఈజిప్టు, ఇజ్రాయెల్ కొట్లాటలో అది ధ్వంసమైంది. ఆ పేర్లను 1980లో కైరో పక్కన హీలియోపొలిస్ శ్మశానవాటికలో మళ్లీ చెక్కారు. మలయాలో చనిపోయి సమాధి దొరకనివాళ్ల పేర్లు సింగపూరు క్రాంజీలో ఉన్నాయి. ముత్తాత మిస్ర్ వెళ్లాడట, మలయా వెళ్లాడట అని ఇంట్లో చెప్పుకునేవాళ్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాల్లో వెతుక్కోవచ్చు. కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. చనిపోయినవాళ్లకు ఆపాటి దారైనా ఉంది. బతికి తిరిగొచ్చినవాళ్ల కోసం మాత్రం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాల్సిందే. అక్కడి నిజాం కాలపు దస్త్రాలు ఫార్సీ, ఉర్దూల్లో ఉన్నాయి, ఎక్కువగా గొలుసు రాతలో. ఆ రాత చదవగలిగినవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. ఉన్నవాళ్లను పరిశోధకులు పిలిచేది దీవాన్ల ఉత్తరాలు, జాగీర్ల తగాదాలు చదివించుకోవడానికి.